'కొన్ని' అంటే ఎన్ని? సిలాజిజంలో పరిమాణ పదాలు, వాటి నుంచి వచ్చే తీర్మానాలు

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు క్లర్కు పరీక్షకు తెలుగులో సిద్ధమవుతున్నాను. నిన్న రాసిన నమూనా పరీక్షలో సిలాజిజం ప్రశ్నలు, అంటే ఇచ్చిన ప్రకటనల నుంచి ఒక తీర్మానం వస్తుందో రాదో తేల్చేవి, ఐదింటిలో మూడు తప్పాయి. ఒకటి తొందరపాటు వల్ల పోయింది. మిగిలిన రెండింటిలో నా తప్పు ఎక్కడుందో ఎంత ఆలోచించినా బోధపడలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి ప్రశ్నలో ప్రకటనలు ఇవి: కొన్ని గొడుగులు బుట్టలు, అన్ని బుట్టలు నిచ్చెనలు. తీర్మానాలు: (1) కొన్ని గొడుగులు నిచ్చెనలు. (2) కొన్ని గొడుగులు బుట్టలు కావు. రెండూ వస్తాయని నేను గుర్తించాను. మొదటిది మాత్రమే వస్తుందని జవాబుల పట్టిక చెబుతోంది. కొన్ని గొడుగులే బుట్టలైతే మిగిలినవి బుట్టలు కానట్టే కదా?

రెండవ ప్రశ్నలో ప్రకటనలు: అన్ని పలకలు గంటలు కావు, అన్ని గంటలు దీపాలు. తీర్మానం: కొన్ని దీపాలు పలకలు కావు. ఇది రాదని నేను గుర్తించాను, వస్తుందని పట్టికలో ఉంది. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది కాబట్టి, ఈ రెండూ తేలేవరకు ముందుకు వెళ్లాలని అనిపించడం లేదు.

పాత లెడ్జరు

మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతాను. నేను పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగిని, కాబట్టి ఉదాహరణ కూడా అక్కడినుంచే ఇస్తాను. సాయంత్రం అరవై వోచర్లు సరిచూడాల్సి ఉండగా పది చూసేసరికి మేనేజరు గారు వచ్చి ఎలా ఉన్నాయని అడిగారనుకోండి. "కొన్ని సరిగ్గానే ఉన్నాయి సార్" అని నేను చెప్పగలను, ఆ మాట నిజం. మిగిలిన యాభై తప్పని నేను చెప్పలేదు, ఎందుకంటే వాటిని నేనింకా చూడనే లేదు. గంట తర్వాత అరవైకి అరవై సరిపోయినా నేను ముందు చెప్పిన మాట అబద్ధం కాదు.

తర్కంలో 'కొన్ని' అనే పదం చేసే పని అంతే. కనీసం ఒకటి ఉందని అది హామీ ఇస్తుంది, మిగిలినవాటి గురించి నోరు మెదపదు. మామూలు సంభాషణలో మాత్రం అన్నింటి సంగతి తెలిసిన మనిషి 'కొన్ని' అంటే, అన్నీ అయి ఉంటే అన్నీ అనేవాడే కదా అని మనం ఊహిస్తాం. ఆ ఊహ మాట్లాడే మనిషి గురించి మనం చేసుకున్నది, వాక్యంలో ఉన్నది కాదు. పరీక్షలో మన ఎదుట మనిషి లేడు, వాక్యం ఒక్కటే ఉంది.

'కొన్ని గొడుగులు బుట్టలు' అన్న వాక్యానికి కాగితం మీద నాలుగు బొమ్మలు గీసి చూడండి: రెండు వృత్తాలు కొంతమేర కలిసినది, గొడుగులన్నీ బుట్టల్లో ఇమిడినది, బుట్టలన్నీ గొడుగుల్లో ఇమిడినది, రెండు వృత్తాలూ ఒకటే అయినది. నాలుగింటిలోనూ ఆ వాక్యం నిజమే. మీ రెండవ తీర్మానం రెండు బొమ్మల్లో నిలుస్తుంది, రెండింటిలో పడిపోతుంది. ఒక్క బొమ్మలో పడిపోయినా తీర్మానం రానట్టే. మన పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే అని నా అనుభవం: మొదటి బొమ్మ ఒక్కటే గీసి, అందులో కనబడినదల్లా రాసేస్తారు.

విభక్తి

రెండవ ప్రశ్న విషయంలో గోదావరి గట్టు గారి తప్పు ఏమీ లేదని, తప్పు అనువాదకుడిదని నా అభిప్రాయం. 'అన్ని పలకలు గంటలు కావు' అన్న తెలుగు వాక్యానికి రెండు అర్థాలు వస్తాయి. ఒక్క పలక కూడా గంట కాదన్నది ఒకటి, పలకల్లో ప్రతిదీ గంట కాదు, కొన్ని అయినా కావచ్చు అన్నది మరొకటి. "పెళ్లికి చుట్టాలందరూ రాలేదు" అంటే పందిరి ఖాళీగా ఉందని ఎవరూ అనుకోరు, కొందరు వచ్చారు, కొందరు రాలేదనే అనుకుంటారు. "తెల్లనివన్నీ పాలు కావు" అన్న సామెతను చూడండి. పాలు తెల్లగానే ఉంటాయి కనుక, ఆ సామెతకు 'తెల్లనిది ఏదీ పాలు కాదు' అన్న అర్థం పొసగనే పొసగదు. అంటే 'అన్నీ... కావు' అన్న నిర్మాణాన్ని మన భాష అనాదిగా 'ప్రతిదీ కాదు' అన్న అర్థంలోనే ఎక్కువగా వాడుతోంది.

ఇప్పుడు ఆ ప్రశ్నను రెండు విధాలా చేసి చూద్దాం. ఏ పలకా గంట కాదు అని చదివితే, గంటలన్నీ పలకల బయట ఉన్నాయి. ఆ గంటలే దీపాలు కూడా. కాబట్టి గంటలైన ఆ దీపాలు పలకలు కావు, తీర్మానం వస్తుంది. కొన్ని పలకలు గంటలు కావు అని చదివితే, గంటలూ దీపాలూ అన్నీ పలకల లోపలే ఇమిడిపోయే బొమ్మ గీయవచ్చు, కాబట్టి తీర్మానం రాదు. గోదావరి గట్టు గారు రెండవ విధంగా చదివి, దానికి సరైన జవాబే ఇచ్చారు. ప్రశ్న రాసినవారు 'ఏ పలకా గంట కాదు' అని గానీ, 'పలకల్లో ఒక్కటి కూడా గంట కాదు' అని గానీ రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఓరుగల్లు అభ్యర్థి

విభక్తి గారి విశ్లేషణ బాగుంది, అయితే పరీక్ష గదిలో దానితో వాదించలేం. 2021లో కేంద్రం నిర్ణయం తీసుకున్న తర్వాత ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పరీక్షలు ఆంగ్లం, హిందీలతోపాటు తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషల్లో జరుగుతున్నాయి కనుక, ఈ ఇబ్బంది ఇప్పుడు మనలో చాలామందికి ఎదురవుతున్నదే. రాష్ట్ర సర్వీస్ కమిషన్ల పత్రాల్లోనూ రెండు భాషల పాఠాలు పక్కపక్కనే ఉంటాయి. అర్థభేదం వస్తే ఆంగ్ల పాఠమే ప్రామాణికమన్న సూచన సాధారణంగా ఉంటుంది. అందుచేత నేను తెలుగులోనే చదువుతాను గానీ, 'అన్ని', 'కావు' అన్న రెండు మాటలు ఒకే వాక్యంలో కనిపిస్తే మాత్రం ఆంగ్ల వాక్యాన్ని కూడా తప్పక చూస్తాను. అక్కడ 'నో' అని ఉందా, 'నాట్ ఆల్' అని ఉందా అన్నది తేలిపోతుంది.

'మాత్రమే' దగ్గర కూడా ఇదే జాగ్రత్త అవసరం. 'పట్టభద్రులు మాత్రమే అర్హులు' అంటే అర్హులందరూ పట్టభద్రులేనని అర్థం, పట్టభద్రులందరూ అర్హులని కాదు, వయోపరిమితి దాటినవాళ్లను అడిగితే చెబుతారు. ఇక 'కొద్ది పలకలు మాత్రమే గంటలు' అని వస్తే అది 'కొన్ని' కాదు. కొన్ని అవుతాయి, కొన్ని కావు అన్న రెండు హామీలూ అందులో ఉంటాయి. కాబట్టి అక్కడ 'అన్ని పలకలూ గంటలు కావడానికి అవకాశం ఉంది' అన్న తీర్మానం కొట్టివేయాల్సిందే.

వ్యాప్తి

నేను యూజీసీ నెట్ (కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష) మొదటి పేపరుకు చదువుతున్నాను. 2019 నుంచి ఆ సిలబస్‌లో పాశ్చాత్య తర్కంతోపాటు భారతీయ తర్కం కూడా చేరింది. దిశ మారితే తీర్మానం చెడిపోతుందన్న ఓరుగల్లు అభ్యర్థి గారి మాటకు మన తర్కశాస్త్రంలో చక్కని ఉదాహరణ ఉంది. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది. అందుకే కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించవచ్చు. అయితే నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కూడా తోడు కావాలి. ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో, నిప్పును చూసి పొగను ఊహించే ఈ తప్పుడు అనుమానాన్ని (తర్కంలో అనుమానం అంటే ఊహించి తేల్చడం) పచ్చి కట్టెల సంబంధం అనే ఉపాధి, అంటే అదనపు షరతు, చూపించి తోసిపుచ్చుతాడు. 'అన్ని క లు ఖ లు' అన్న వాక్యాన్ని తిప్పి 'అన్ని ఖ లు క లు' అని చదివే అలవాటు ఉన్నవారు ఆ ఇనుప గుండును గుర్తుంచుకుంటే చాలు.

విభక్తి గారితో ఒక చిన్న భేదాభిప్రాయం ఉంది. 'ఏ పలకా గంట కాదు, అన్ని గంటలు దీపాలు, కాబట్టి కొన్ని దీపాలు పలకలు కావు' అన్నది నిస్సంకోచంగా వస్తుందని మీరు రాశారు. కానీ గంట అనేది కనీసం ఒకటైనా ఉందన్న అంగీకారం లేకపోతే అది రాదు. 'కొన్ని' అంటే కనీసం ఒకటి ఉందని హామీ, మరి 'అన్ని' అంటే? "గేటు మూసిన తర్వాత వచ్చిన అభ్యర్థులందరూ బయటే ఉండాలి" అన్న నోటీసు ఎవరూ ఆలస్యంగా రాకపోయినా చెల్లుతుంది. అరిస్టాటిల్ సంప్రదాయంలో 'అన్ని' నుంచి 'కొన్ని' వస్తుంది. గణితవేత్త బూల్ పేరుతో పిలిచే ఆధునిక తర్కంలోనూ, 1880లో వెన్ ప్రతిపాదించిన వృత్తాల చిత్రాల్లోనూ అది రాదు, 'అన్ని' అన్న వాక్యం వెన్ చిత్రంలో ఒక గదిని ఖాళీ చేస్తుందే తప్ప మరో గదిలో ఎవరినీ కూర్చోబెట్టదు.

విభక్తి

ఒప్పుకుంటున్నాను. గంటలు ఉన్నాయని నేను అడగకుండానే అనుకున్నాను. మీ నోటీసు ఉదాహరణ చూశాక, 'అందరూ' అన్న మాట ఎవరూ లేని చోట కూడా ఎంత సహజంగా ఇముడుతుందో గమనించాను.

పాత లెడ్జరు

వ్యాప్తి గారు చెప్పింది శాస్త్రరీత్యా సరైనదే. అయితే గోదావరి గట్టు గారు రాసేది బ్యాంకు పరీక్ష. అక్కడ పేరు చెప్పిన ప్రతి వర్గంలోనూ కనీసం ఒకటి ఉన్నట్టే లెక్క, 'అన్ని బుట్టలు నిచ్చెనలు' అంటే 'కొన్ని బుట్టలు నిచ్చెనలు' అని గుర్తించవచ్చు. నెట్‌లో సంప్రదాయ చతురస్రం ('అన్ని', 'ఏదీ కాదు', 'కొన్ని', 'కొన్ని కావు' వాక్యాల సంబంధాలు చూపే బొమ్మ) మీద ప్రశ్న వచ్చినా అదే పద్ధతి. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి ఆచారం పాటించాలి. బూల్‌ను తీసుకెళ్లి బ్యాంకు పరీక్షలో కూర్చోబెడితే మార్కులు పోయేది మనకే.

గోదావరి గట్టు

ఇప్పుడు రెండు ప్రశ్నలూ అర్థమయ్యాయి, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక సందేహం అడుగుతాను. 'కొన్ని' అంటే కనీసం ఒకటి అయితే, 'చాలా' అంటే ఎన్ని? 'చాలామంది రైతులు పాడి పశువులను పెంచుతారు, చాలామంది రైతులు కోళ్లను పెంచుతారు, కాబట్టి కొందరు రెండూ పెంచుతారు' అన్నది ఒక పుస్తకంలో సరైన తీర్మానమని ఉంది. నాకు అది ఊహలా అనిపిస్తోంది.

డాలస్ తెలుగు

నేను అమెరికాలో న్యాయ కళాశాల ప్రవేశానికి ఎల్‌శాట్ రాసినవాడిని. ఆ పరీక్ష నుంచి 2024 ఆగస్టులో లాజిక్ గేమ్స్ (షరతుల ప్రకారం అమర్చే చిక్కు ప్రశ్నల విభాగం) తీసేశాక, ఇలాంటి వాక్య పరిశీలన ఉండే విభాగాల బరువు మరింత పెరిగింది. మీ సందేహం అనువాదం దగ్గరే పుట్టింది. ఆంగ్లంలో 'మోస్ట్' అంటే సగానికి పైగా. తెలుగులో 'చాలామంది' అంటే కేవలం ఎక్కువమంది. లక్షమంది ఉన్న ఊరిలో ఐదు వేలమంది సభకు వచ్చినా చాలామంది వచ్చారనే అంటాం. సగం దాటడం అందులో లేదు. అందువల్ల 'చాలామంది' అన్న మాటతో మీ పుస్తకంలోని తీర్మానం రాదు; 'సగానికి పైగా రైతులు' అని ఉంటే తప్పకుండా వస్తుంది.

కారణం లెక్కలో ఉంది. తొమ్మిది మంది రైతుల్లో కనీసం ఐదుగురికి పశువులు, కనీసం ఐదుగురికి కోళ్లు ఉన్నాయంటే మొత్తం పది కావాలి. తొమ్మిది కుర్చీల్లో పది మందిని కూర్చోబెట్టాలంటే ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోక తప్పదు. ఆ కుర్చీలోని రైతు రెండూ పెంచుతాడు.

అయితే ఇది ఒకే గుంపులో రెండు సగాల గురించి చెప్పినప్పుడే పనిచేస్తుంది. గొలుసుగా వేస్తే తెగిపోతుంది. 'ఈ వీధి పిల్లల్లో సగానికి పైగా ఆ బడిలో చదువుతున్నారు. ఆ బడి విద్యార్థుల్లో సగానికి పైగా బస్సులో వస్తారు' అన్నదాని నుంచి ఈ వీధి పిల్లల్లో ఒక్కరు కూడా బస్సెక్కుతారని చెప్పలేం. వీధి బడి పక్కనే ఉండవచ్చు. పది మంది పిల్లల్లో ఆ బడికి వెళ్లే ఆరుగురూ నడిచే వెళ్తుండవచ్చు, బడిలోని ఐదు వందల మందిలో నాలుగు వందల మంది బస్సులో వస్తూ ఉండవచ్చు. నేను మొదటి నమూనా పరీక్షలో ఈ గొలుసుకే చిక్కాను. రెండవ వాక్యంలో 'అందరూ' ఉంటే గొలుసు నిలుస్తుంది: వీధి పిల్లల్లో సగానికి పైగా ఆ బడిలో ఉండి, ఆ బడిలో అందరూ బస్సులో వస్తే, వీధి పిల్లల్లో సగానికి పైగా బస్సులోనే వస్తారు. 'అందరూ' మొదటి వాక్యంలో, 'సగానికి పైగా' రెండవ వాక్యంలో ఉంటే మళ్లీ ఏమీ రాదు.

ఓరుగల్లు అభ్యర్థి

దీనికి అనుబంధంగా గుర్తుచేయాల్సింది ఒకటి ఉంది. నిజం కావడం వేరు, ఇచ్చిన వాక్యాల నుంచి రావడం వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 8.46 కోట్లు. ఈ రెండు అంకెలు ఇచ్చి, 'ఉమ్మడి రాష్ట్రంలో సగానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు' అన్న తీర్మానం వస్తుందా అని అడిగితే మనలో నూటికి తొంభై మంది వస్తుందనే అంటారు, ఎందుకంటే అది నిజమని మనకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ ఆ రెండు అంకెల నుంచి అది రాదు. దేశ జనాభా 121 కోట్లు. అంత పెద్ద గుంపులో ఈ రెండు చిన్న గుంపులు ఒకదానికొకటి తగలకుండా కూడా ఇమడగలవు. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి మనుషులు కూడా వాళ్లే అనుకోవడం మన ఊహ, ఈసారికి ఆ ఊహ నిజమైంది.

గొడుగులు, బుట్టలు, నిచ్చెనలు అంటూ అర్థంలేని వాక్యాలు ఎందుకిస్తారని నేను కూడా మొదట్లో విసుక్కునేవాడిని. మనకు తెలిసిన లోకం అడ్డురాకుండా ఉండడానికేనని ఇప్పుడనిపిస్తోంది.

పాత లెడ్జరు

డాలస్ తెలుగు గారి కుర్చీల లెక్కనే శాతాలకు కూడా వాడవచ్చు. రెండు గుంపులను కూడి మొత్తాన్ని తీసివేస్తే, రెండింటిలోనూ తప్పక ఉండేవారి కనీస సంఖ్య వస్తుంది. మూడు, నాలుగు గుంపులున్నప్పుడు మాత్రం ఉన్నవాటిని కాక లేనివాటిని కూడడం తేలిక. ఒక తరగతిలో 80 శాతం లెక్కల్లో, 75 శాతం ఆంగ్లంలో, 70 శాతం సామాన్య శాస్త్రంలో పాసయ్యారనుకోండి. తప్పినవారు 20, 25, 30. ఈ మూడు గుంపులూ వేర్వేరు మనుషులే అయినా 75 దాటరు. కాబట్టి మూడింటిలోనూ పాసైనవారు కనీసం 25 శాతం.

గోదావరి గట్టు గారికి ఒక అభ్యాసం ఇస్తున్నాను. ఒక వీధిలో 50 ఇళ్లున్నాయి. 35 ఇళ్లలో బావి, 30 ఇళ్లకు అరుగు, 40 ఇళ్ల ముందు వేపచెట్టు ఉన్నాయి. (క) బావీ అరుగూ రెండూ ఉన్న ఇళ్లు కనీసం ఎన్ని? (ఖ) మూడూ ఉన్నవి కనీసం ఎన్ని? (గ) అరుగున్న ఇళ్లలో సగానికి పైగా ఇళ్ల ముందు వేపచెట్టు ఉందన్న తీర్మానం వస్తుందా? (ఘ) బావి ఉన్న ఇళ్లలో కొన్నింటికి అరుగు లేదన్న తీర్మానం వస్తుందా?

గోదావరి గట్టు

రాత్రి కూర్చుని చేశాను. (క) 35, 30 కూడితే 65, అందులో 50 తీసివేస్తే 15. (ఖ) లేనివి 15, 20, 10, మొత్తం 45. కాబట్టి కనీసం 5 ఇళ్లలో మూడూ ఉన్నాయి. (గ) 30, 40 కూడి 50 తీసివేస్తే 20. అరుగున్న 30 ఇళ్లలో 20 అంటే సగం దాటింది కనుక వస్తుంది. (ఘ) రాదు. కొన్నింటికి అరుగు ఉందన్నంత మాత్రాన కొన్నింటికి లేదని చెప్పలేమని మీరే మొదట వోచర్ల ఉదాహరణతో చెప్పారు.

పాత లెడ్జరు

మొదటి మూడూ సరిగ్గా ఉన్నాయి. (ఖ) లో లేనివాటిని కూడిన తీరు చూసి సంతోషించాను. (ఘ) లో మాత్రం మీరు నా మాటను అవసరానికి మించి నమ్మారు. 'కొన్ని' అన్న పదం నుంచి 'కొన్ని కావు' రాదన్నాను. కానీ ఇక్కడ మీ చేతిలో ఉన్నది పదం కాదు, అంకెలు. బావులున్న ఇళ్లు 35, అరుగులున్న ఇళ్లు 30 మాత్రమే. అరుగులన్నీ బావులున్న ఇళ్లకే ఇచ్చేసినా, 5 ఇళ్లకు అరుగు మిగలదు. అందువల్ల (ఘ) తప్పక వస్తుంది.

గోదావరి గట్టు

నిజమే. అయితే దాన్ని తిప్పి, అరుగున్న ఇళ్లలో కొన్నింటికి బావి లేదంటే అది రాదు కదండీ? 30 ఇళ్లూ ఆ 35లోనే ఇమిడిపోవచ్చు.

పాత లెడ్జరు

ఇమిడిపోవచ్చు. రాదు.